మూడోసారి ఆమె ఇంట్లో లేరు

మా పక్కింటి పెద్దావిడ గత నెల ఒక మంగళవారం ఉదయం కన్నుమూశారని విచారంతోనూ, తన మరిదిగారిని క్షమించకుండానే కన్నుమూశారని కొంత సంతృప్తితోనూ పాఠకులకు తెలియజేసుకుంటున్నాను. వార్త చెప్పింది ఆవిడ మనవరాలు. వాటర్‌ఫోర్డ్ ఆసుపత్రిలో డాక్టరు. ఫోన్‌లో ఏడుపు దిగమింగుకుని, "నానమ్మ పోయింది, అంకుల్," అంది. ఆపైన, "చివరిదాకా ఒప్పుకోలేదు," అంది. దేనికని నేను అడగలేదు. ఆ వివాదంలో మా ఇల్లు మొదటినుంచీ ఆవిడ పక్షం.

డబ్లిన్‌లో మేము అద్దెకు దిగిన ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే ఉండేది. ఆవిడ యూదులు. మాంసం, పాలు ఒకదానికొకటి తగలకూడదన్న నియమం తు.చ. తప్పకుండా పాటించేవారు కనుక మా ఇంటికి వచ్చినప్పుడల్లా తన గాజుకప్పు తానే తెచ్చుకునేవారు. మా ఆవిడ వేడినీళ్ళు మాత్రం పోసేది. తొలిరోజుల్లో మా ఆవిడ దీనికి కొంచెం నొచ్చుకుంది. "మా నాయనమ్మా ఇంతేనండీ, చుట్టాలింటికి చెంబు పట్టుకెళ్ళేది," అని తనే సర్దుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ ఎంత పొత్తు కుదిరిందంటే, ఇద్దరూ కలిసి నాకు వ్యతిరేకంగా తీర్మానాలు చేసేవారు.

ఇక వివాదం సంగతి. మనవరాలికి పన్నెండేళ్ళు నిండినప్పుడు ఆచారం ప్రకారం పెద్ద వేడుక చేశారు. భోజనాలయ్యాక పెద్దావిడ మరిది, అంటే పోయిన భర్తగారి తమ్ముడు, మైకు తీసుకుని ఒక ప్రకటన చేశారు. బడి ముగిశాక, యూనివర్సిటీలో చేరేలోపు, ఆ పిల్ల ఒక ఏడాది జెరూసలేంలో ఉండి చదువుకోవాలనీ, ఆ గ్యాప్ ఇయర్ ఖర్చంతా తనదేననీ. హాలంతా చప్పట్లు. ఫోటో కూడా తీశారు. అందులో మరిదిగారు పిల్ల భుజం మీద చెయ్యివేసి, ఆ ఏడాది మొత్తాన్నీ తానే కనిపెట్టినట్టు నవ్వుతున్నారు.

తర్వాత మాంద్యం వచ్చింది. ఈ దేశంలో ఇళ్ళు కట్టడం ఆగిపోయింది. కట్టడాల లెక్కలు వేసే పెద్దావిడ కొడుకు ఉద్యోగం పోయింది. మనవరాలు బడి చివరి ఏడాదిలో ఉంది. జెరూసలేంలో సీటు వచ్చింది. అడ్వాన్సు కట్టవలసిన గడువు ముంచుకొస్తోంది. ఒక శుక్రవారం భోజనాల దగ్గర ఆ మాట ఎత్తితే, అంతకు కొద్దిరోజుల ముందే కొత్త కారు కొన్న మరిదిగారు రొట్టె తుంచుతూ ఇలా సెలవిచ్చారట: "కాలం చూస్తున్నారుగా. పిల్లని ఏడాదిపాటు ఈ పక్కనే ఉన్న స్వోర్డ్స్ ఊరికి పంపండి, ఎయిర్‌పోర్టులో కాఫీ అమ్ముకుంటుంది. విదేశం వెళ్ళినట్టే ఉంటుంది, రోజూ విమానాలు కనిపిస్తాయి." చెప్పి, నవ్వారట. పిల్ల లేచి పైగదిలోకి వెళ్ళిపోయిందట.

ఆదివారం పొద్దున పెద్దావిడ తన కప్పుతో మా వంటింట్లో కూర్చుని ఇదంతా చెప్పారు. కళ్ళు పొడిగా ఉన్నాయి. "డబ్బు లేదంటే నేనూ అర్థం చేసుకునేదాన్ని, ఇంజనీరూ. నా పిల్ల ముఖం మీద నవ్వాడు." ఆవిడ నన్నెప్పుడూ పేరుతో పిలవలేదు. శాండీఫోర్డ్‌లో నేను కంప్యూటర్ల ముందు చేసే పనిని ఇంజనీరింగ్‌గా గుర్తించిన ఏకైక వ్యక్తి ఆవిడే.

ఆనాడే రెండు నిర్ణయాలు జరిగాయి. ఒకటి, పిల్ల వెళ్ళి తీరుతుంది. రెండు, ఆ మనిషికి క్షమాపణ దొరకదు. మొదటిదాని అమలులో నాకు గౌరవ సలహాదారు హోదా దక్కింది. రెండోదానికి సలహాలు అవసరం కాలేదు.

వెనకగదులు అద్దెకు ఇవ్వాలని నేనే సూచించాను. మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఇద్దరు తెలుగు కుర్రాళ్ళను నేనే తీసుకొచ్చాను. ఒకడిది కరీంనగర్, గుడ్డు కూడా ముట్టని ఇల్లు. "సర్, నేను ప్యూర్ వెజిటేరియన్. నాతోని ఆంటీకి ఏం ప్రాబ్లం రాదు," అని హామీ ఇచ్చాడు. పెద్దావిడ వాడికి వంటిల్లంతా తిప్పి చూపించారు. ఇది పాల సింకు, అది మాంసం సింకు. ఈ అరలో పాల గిన్నెలు, ఆ అరలో మాంసం గిన్నెలు. వాడు తలాడించాడు. తాను మాంసమే ముట్టనప్పుడు ఈ పాఠం తనకు వర్తించదని వాడి ఉద్దేశం.

తొలి గురువారమే, ఇంట్లో ఎవరూ లేని సమయంలో, ఇల్లుగలావిడకు మంచి వంట రుచి చూపిద్దామని వాడు ఆ వంటింట్లో అన్నిటికన్నా పెద్ద గిన్నె ఎంచుకుని మజ్జిగ పులుసు కాచాడు. అది శుక్రవారం మాంసం వండే గిన్నె. పెద్దావిడ తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. ఆ కేక మా ఇంట్లోకి వినిపించింది. నేను గోడ దాటి వెళ్ళేసరికి ఇద్దరూ గిన్నెకు చెరోవైపు నిలబడి ఉన్నారు.

"ఇందులో పెరుగు వండావా?" అంటున్నారు ఆవిడ.

వాడు నావైపు తిరిగి, "సర్, ఇండ్ల మాంసం వండుతరా? నేను రుచి చూసిన సర్!" అన్నాడు.

ఒకే గిన్నె రెండు ధర్మాల చేత ఒకేసారి మైలపడటం నేను చూడటం అదే మొదలు. ఆవిడ వాణ్ణి చూశారు. వాడు నోరు కడుక్కోవడానికి ఏ సింకు దగ్గరకు వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు. ఆవిడకు నవ్వు ఆగలేదు. చేత్తో పాల సింకు చూపించారు.

సాయంత్రం వాడు తలదించుకుని వచ్చి, "ఆంటీ, పెద్ద గిన్నెల మజ్జిగ పులుసు కాచిన. తప్పయింది. మాఫ్ చెయ్యండి," అన్నాడు. ఆవిడ వెంటనే, "ఎప్పుడో చేశాను, ఇక గ్రాండ్," అన్నారు. ఈ దేశంలో గ్రాండ్ అంటే ఏం ఫర్వాలేదని అర్థం. గిన్నెను తోమి, ఒక రోజు వదిలేసి, మరిగే నీళ్ళతో శుద్ధి చేశారు. మరుసటి వారం కుర్రాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని, టర్మ్ మొత్తం అద్దె ముందుగానే తెచ్చి బల్లమీద పెట్టారు. గడువులోపల జెరూసలేం అడ్వాన్సు చేరింది. మిగతా ఫీజు, టికెట్టు, ఇన్సూరెన్సు ఆ గదులే వాయిదాలుగా కట్టాయి. ఆ ఆగస్టులో పిల్ల వెళ్ళింది. నేనే ఎయిర్‌పోర్టులో దింపాను. అక్కడ కాఫీ మాత్రం తాగనని పట్టుబట్టింది.

ఇక రెండో నిర్ణయం. యూదులకు శరదృతువులో ఒక ఉపవాసదినం ఉంది. దానికి ముందు, ఎవరికి అపకారం చేశారో వారి గుమ్మానికి వెళ్ళి క్షమాపణ అడగాలి. వారు కాదంటే మళ్ళీ అడగాలి. మూడుసార్లు అడిగినా కాదంటే, అడిగినవాడు విముక్తుడు, పాపం క్షమించనివారిది. ఈ నిబంధన పెద్దావిడకు క్షుణ్ణంగా తెలుసు.

మొదటి ఏడు మరిదిగారు తేనె కేకుతో వచ్చారు. "నేను ఏమైనా అని ఉంటే మనసులో పెట్టుకోకు, వదినా."

"ఏమన్నావో చెప్పు."

"అదే... ఏమైనా అని ఉంటే."

తలుపు మూసుకుంది. రెండో ఏడూ అదే కేకు, అదే "ఏమైనా". మూడో ఏడు వీధి మలుపులో కారు కనిపించగానే మా ఆవిడ కేకేసింది: "ఏమండీ, కారొచ్చింది! పెద్దావిడ వెనక గుమ్మంలోంచి వచ్చేస్తున్నారు, తలుపు తియ్యండి!" ఆవిడ కప్పు చేతబట్టుకుని మా వంటింట్లో కూర్చున్నారు. మరిదిగారు తన వదిన గంట కొట్టి కొట్టి, మా గంట కొట్టారు. మా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళబోతుంటే పెద్దావిడ గుసగుసగా ఆదేశించారు: "అబద్ధం చెప్పొద్దు. తన ఇంట్లో లేదని చెప్పు. లేను కదా."

ఆ మూడోసారి ఏ శరత్కాలంలోనూ పూర్తికాలేదు. మేము అద్దె ఇల్లు వదిలి అదే వీధిలో ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆవిడ కప్పుతో వీధి దాటి వచ్చేవారు. ఒకసారి ఉండబట్టలేక, "పోనివ్వండి ఆంటీ, ఆయనా పెద్దవారయ్యారు," అన్నాను. ఆవిడ నీళ్ళు చల్లారేదాకా ఊదుకుని, "మైకులో మాట ఇచ్చినవాడు గుమ్మంలో గొణిగితే చెల్లదు," అన్నారు. నేను ఆ సలహాను రికార్డుల నుంచి తొలగించుకున్నాను.

ఆవిడ పోయాక వారం దినాలకు మనవరాలు మళ్ళీ ఫోన్ చేసింది. అపకారం పొందిన మనిషి చనిపోతే ఏం చేయాలో కూడా ధర్మం చెప్పిందట. పదిమందిని సమాధి దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్ళి, వారందరి ముందు, చేసిన తప్పేమిటో నోటితో చెప్పాలట. "నానమ్మకి తెలుసు, అంకుల్. ఎప్పటినుంచో తెలుసు," అంది.

మరిదిగారు అందుకు ఒప్పుకుని సమాధి దగ్గరకు వచ్చిన రోజున నేనూ మా ఆవిడా పరిశీలకులుగా హాజరయ్యాం. వాన పడుతోంది. ఊరిలో యూదులే తక్కువ, ఉన్నవాళ్ళలో నడవగలిగేవారు ఇంకా తక్కువ. తొమ్మిదిమంది ముసలివారు గొడుగులతో వచ్చారు. పదో మనిషికోసం మరిదిగారు గేటువైపు చూస్తూనే ఉన్నారు. ఎవరూ రాలేదు. ఆశగా ఒకసారి నావైపు చూశారు. నేను లెక్కలోకి రానని ఆయనకే తెలుసు.

"నన్ను లెక్కపెట్టుకోండి, చిన్నతాతయ్యా," అంది మనవరాలు.

"ఆడపిల్లలు మన లెక్కలోకి..." అని నసిగారు మరిదిగారు.

"కొన్నిచోట్ల వస్తారు. జెరూసలేంలో ఆ ఏడాది నేర్చుకున్నాను. వద్దంటే గ్రాండ్, వచ్చేవారం రండి."

ముసలివారిలో ఒకాయన, చలికి తాళలేక, పిల్ల చెప్పింది నిజమేనన్నాడు. మిగతావారు చాలా వేగంగా ఏకీభవించారు. మరిదిగారు చేతికర్ర బురదలో గుచ్చి, సమాధివైపు తిరిగి, "వదినా, ఏమైనా..." అని మొదలుపెట్టి, పక్కన నిలబడిన మనవరాలిని చూసి ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టి, "అందరి ముందూ మాట ఇచ్చాను. తప్పాను. పైగా పిల్ల ముఖం మీద నవ్వాను," అన్నారు. ఆ గొణుగుడు వానచప్పుడులో కలిసిపోయింది.

"ఏమంటున్నాడు?" అన్నారు వెనకవరసలోని పెద్దాయన.

"వినపడలేదు. గట్టిగా చెప్పు," అన్నారు ఆయన పక్కాయన.

మరిదిగారు మళ్ళీ ఊపిరి తీసుకున్నారు. వానలో, తొమ్మిదిమంది ముసలివారు గొడుగులు పక్కకు వంచి, చెవుల వెనక అరచేతులు పెట్టుకుని, ఆయనవైపు ముందుకు వంగారు.