రేకులపల్లి త్రూ

జగిత్యాల కోర్టు రోడ్డులో బాబా మియా అంటే ఎవరికీ తెలియదు. 'త్రూ చాచా' అంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తారు. ముప్పై ఏళ్లుగా గోడవార బల్ల వేసుకుని అర్జీలు రాస్తున్నాడు. అర్జీ తహసీల్దారుకు కావచ్చు, కరెంటాఫీసుకు కావచ్చు. పైన 'త్రూ: శాసనసభ్యులు, రేకులపల్లి నియోజకవర్గం' అన్న వరుస మాత్రం ఉండి తీరాలి. ఒక పెద్దమనిషి చెయ్యి మీదుగా పోనిది కాగితమే కాదని ఆయన నమ్మకం. చట్టంలో అట్లా ఎక్కడా లేదని ఒక వకీలు నచ్చజెప్పబోయాడు.

"చట్టంల లేదు సాబ్. ఆఫీసుల ఉన్నది" అన్నాడు బాబా మియా.

రేకులపల్లి చరిత్ర కావాలంటే అసెంబ్లీ రికార్డులు తిరగేయనక్కర్లేదు, బాబా మియాను అడిగితే చాలు. వెల్గటూర్‌కూ బీర్పూర్‌కూ నడుమ, గోదావరి ఒడ్డున ఉండిన ఆ సీటుకు ఆయన ఎరిగిన ఎమ్మెల్యేలు నలుగురు. నలుగురినీ సంతకాలతోనే గుర్తుపెట్టుకున్నాడు. మొదటాయన ఉర్దూలో చేసేవాడు, అదీ చదివి చేసేవాడు. అంత ఆలస్యం జనం ఓర్చుకోలేక రెండోసారి ఓడించారు. రెండో ఆయన చదివేవాడు కాదు. ఒకసారి తన మీదే విచారణ కోరిన అర్జీకి సిఫారసు చేసి, వచ్చే ఎన్నికల్లో ఇంకా పెద్ద మెజారిటీతో గెలిచాడు. మూడో ఆయన కాపురం హైదరాబాద్‌లో. సంతకం బామ్మర్ది చేసేవాడు, అసలుదానికన్నా అందంగా. నాలుగో ఆయన పెళ్లి పందిట్లో, బస్సు మెట్టు మీద, ఎక్కడ కాగితం పెడితే అక్కడ సంతకం పెట్టేవాడు. బాబా మియా దృష్టిలో స్వర్ణయుగం అదే.

సరిగ్గా అప్పుడే నియోజకవర్గాల హద్దులు మార్చారు. 2009 ఎన్నికల నాటికి రేకులపల్లి మూడు ముక్కలై మూడు సీట్లలో కలిసిపోయింది. సంతాప సభలేవీ జరగలేదు. ఓటర్లకు పొద్దున్నే నీళ్లు పట్టుకునే పని ఉంది. బాబా మియా ఒక్కడే రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"ఓటేసినోల్లు మంచిగనే ఉన్నరు, గెలిచినోల్లు మంచిగనే ఉన్నరు. నడుమ నీకేమైందయ్యా?" అంది భార్య మైమూనా బీ.

"నడుమ ఉన్నోన్ని నేనే గదనే!"

ఆ మరుసటేడు ఆయన బల్ల దగ్గరికి భాగ్య వచ్చింది. ఆమె భర్త జలపతి మస్కట్ జైలులో ఉన్నాడు. గల్ఫ్‌కు పోయినవాళ్లను త్యాగమూర్తులనడం మనకు అలవాటు. జలపతికి అంత తీరిక లేదు. కల్లుగీత గిట్టుబాటు కాక సిరిసిల్ల పోయి సాంచెలు నడిపాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. అవీ ఆగితే కోరుట్ల ఏజెంటు చూపించిన విమానం ఎక్కాడు. మస్కట్‌లో కంపెనీ జీతం ఆపేసింది, పాస్‌పోర్టు దాచుకుంది. క్యాంపు నుంచి పారిపోయి బయట పని చేస్తూ పట్టుబడ్డాడు. ఐదు నెలలైంది. పాస్‌పోర్టు లేనివాడు ఇల్లు చేరాలంటే మన ఎంబసీ ఔట్‌పాస్ ఇవ్వాలి. ఎంబసీ కదలాలంటే హైదరాబాద్‌లో ఒక ఆఫీసు ముందు కదలాలి.

బాబా మియా మూడు అర్జీలు రాశాడు. కొత్త ఎమ్మెల్యే మూడింటి మీదా సంతకం చేశాడు. ఆఫీసు ఉలకలేదు.

నాలుగోసారి ఎమ్మెల్యే ఊళ్లో లేడు. సంతకానికి ఆగకుండా అర్జీని నేరుగా రిజిస్టర్ పోస్టు చేయించాడు బాబా మియా. తెల్లారి భాగ్య నకలు పట్టుకుని ఊగిపోతూ వచ్చింది.

"చాచా, గీడ ఏం రాసినవ్? రేకులపల్లి ఎమ్మెల్యే ఏడున్నడు? ఆ సీటే లేకపాయె!"

బాబా మియా అద్దాలు సర్దుకుని చూశాడు. ముప్పై ఏళ్ల వరుస, ముత్యాల్లాంటి అక్షరాలతో, అక్కడే ఉంది.

"చెయ్యి రాసింది బిడ్డా. నేను రాయలే."

"చెయ్యి నీది కాదా మరి? నా మొగడు జైల్ల ఉంటే నువ్వు సచ్చిపోయిన సీటుకు అర్జీలు పెడుతున్నవా?"

పద్దెనిమిదో రోజు జవాబు వచ్చింది. 'రేకులపల్లి అను నియోజకవర్గము ప్రస్తుతము ఉనికిలో లేదు. ఈ అర్జీ ఎవరి ద్వారా పంపబడినదో పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

భాగ్య నెత్తి పట్టుకుంది. "అయిపాయె. ఇగ నిన్ను గూడ లోపలేస్తరు."

"అది గాదు, పైన సూడు. నంబర్! ఫైల్ నంబర్ పడ్డది!" బాబా మియా ఆ అంకెల కింద వేలు పెట్టాడు. "తప్పు లేనివి మూడు పంపితిమి, ఒక్కదానికన్న నంబర్ అచ్చిందా?"

ఆఫీసుల గుట్టు అదే. సరిగ్గా ఉన్న కాగితాన్ని కట్టలో పెట్టి మరిచిపోవచ్చు. తప్పున్న కాగితాన్ని ఎవరో ఒకరు దిద్ది తీరాలి. బాబా మియా మూడు పేజీల సంజాయిషీ రాశాడు. సీటు ఎట్లా చీలింది, భాగ్య ఊరు ఎటు పడింది, ఇప్పటి ఎమ్మెల్యే ఎవరు, అంతా పూసగుచ్చాడు. ఆ నడుమ జలపతి పాస్‌పోర్టు నంబరు, పట్టుబడ్డ తారీఖు, జైలు పేరు ఇరికించాడు. లేని సీటు పేరు చెప్పుకున్నవాళ్ల మాట నమ్మేదెట్లా? ఈ జలపతి అయినా ఉన్నాడో లేడో కనుక్కోమని ఆఫీసు ఎంబసీకి రాసింది. ఉన్నాడని అక్కడినుంచి తేలింది. ఉన్నాడని కాగితం మీద ఒప్పుకున్నాక ఏదో ఒకటి చెయ్యక తప్పలేదు. రెండు నెలలకు జలపతి ఔట్‌పాస్ మీద విమానం దిగాడు.

వారం తిరక్కుండా ఇద్దరూ జగిత్యాల వచ్చారు. మనిషి సగమయ్యాడు. బాబా మియా చాయ్ తెప్పించాడు. జలపతి గ్లాసు ఖాళీ చేసి మెల్లగా అన్నాడు.

"చాచా, పాస్‌పోర్టు ఆడనే ఉండిపాయె. కొత్తదానికి ఒక కాగితం రాయరాదు?"

"ఏడికి పోతందుకు?" అంది భాగ్య.

"ఏడికంటే... ఇప్పుడే కాదు తియ్యి. సిరిసిల్లల సాంచెలు నడుస్తలేవు. చెట్లెక్కుదమంటే మోకాళ్లల్ల బలం లేదు. చేతిల ఉంటే మంచిదని."

ఆమె లేచి కొంగు దులుపుకుంది. "నాలుగు అర్జీలు రాపిచ్చి నిన్ను తెచ్చుకున్న. ఐదోది నువ్వు రాపిచ్చుకో. గీసారి నిన్ను తెచ్చేతందుకు నేను రాను." అని బీర్పూర్ బస్సు వైపు నడిచింది.

బాబా మియా తెల్లకాగితం పరిచాడు. పేరు రాశాడు. తండ్రి పేరు అడిగాడు, జలపతి చెప్పాడు. వయసు చెప్పాడు. "కారణం?" అని అడిగేసరికి జలపతి రోడ్డు వైపు చూశాడు.

బస్సు కదిలింది. కిటికీలోంచి భాగ్య అరిచింది. "ఎక్కుతవా, గాడనే ఉంటవా?"

మోకాళ్లలో బలం లేని మనిషి ఒక చెప్పు బల్ల కిందే వదిలేసి పరుగెత్తాడు.