ముక్కు మేస్త్రి

మా బావ మూత తీయకుండా వంట చేసేవాడు. అడవిలో గుడారాలు వేయించుకుని రెండ్రోజులు సరదాగా గడిపే జనానికి కట్టెల మంట మీద వండిపెట్టడం ఆయన పని. గుడారాలు వేయడం నా పని. గుండిగ పొయ్యి మీద పెట్టి, నాలుగడుగుల దూరంలో రాయి మీద కూర్చుని, ముక్కు కాస్త పైకెత్తి, "ఇంకో రెండు నిమిషాలు" అనేవాడు. సరిగ్గా రెండే. అందుకే అందరూ ముక్కు మేస్త్రి అనేవారు.

పోయిన చలికాలం బావకి జ్వరమొచ్చి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. అక్కకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎందుకంటే మా యజమాని అప్పటికే తిండి ఊళ్ళో వండించి డబ్బాల్లో తెప్పిద్దామని చూస్తున్నాడు. మేస్త్రి ముక్కును చూసే ఆగాడు.

"మూత తీసి చూసుకోరాదా బావా?" అన్నాను.

"చూసి వండటం నాకు రాదురా" అన్నాడు.

అక్కే ఉపాయం చెప్పింది. కూరగాయలు తరిగే మనిషిగా తనూ వస్తుంది. అన్నం అయిందంటే ఒకసారి దగ్గుతుంది, దించెయ్యాలి. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద పది రోజులు సాధన చేశారు. ఒక్కసారీ మాడలేదు. కట్టెల పొయ్యి దగ్గర ఎవరికైనా దగ్గొస్తుందని మాకెవరికీ తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా పొగ పీల్చిన బావకీ నాకూ దగ్గు రాదు మరి.

అక్క మొదటిసారి పనికొచ్చిన వారం, ముందురోజే వాన పడి కట్టెలు తడిశాయి. వచ్చినవాళ్ళు ముప్పైమంది, యజమాని కూడా వచ్చాడు. పొగ లేచింది, అక్క దగ్గింది. బావ గుండిగ దించాడు.

"ఇప్పుడు కాదండీ" అని మళ్ళీ దగ్గింది. ఎక్కించాడు. అక్క మళ్ళీ దగ్గితే మళ్ళీ దించాడు.

"ఏం మేస్త్రీ, గుండిగకి కసరత్తు చేయిస్తున్నావా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. బావకి రోషమొచ్చి ఇక దగ్గు పట్టించుకోలేదు. అడుగు మాడింది, పైన పలుకు మిగిలింది.

యజమాని ఒక ముద్ద తిని పళ్ళెం కింద పెట్టాడు.

"వాసన ఎప్పుడు పోయింది?"

"చలికాలంలోనండి."

"చెప్పాల్సింది."

"చెబితే ఉంచేవారా?"

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఇప్పుడు తిండి డబ్బాల్లో వస్తోంది. జనం చుట్టూ కూర్చుని చేతులు కాచుకోవడానికి మంట వేయడమే బావ పని. మొన్న ఒకావిడ, "ఇదేం కట్టెండీ, వాసన ఎంత బాగుందో" అంది. బావ నా వైపు చూశాడు. కట్టె పేరు నేనే చెప్పాను. ఆయన మంట దగ్గరికి జరిగి పొగలో మొహం పెట్టాడు. కళ్ళు కారిపోతున్నాయి.

"ఇటు రా బావా" అన్నాను.

"ఉండరా, వస్తుందేమో చూడనీ."

రాలేదు. డాక్టరు కూడా ఇక తన దగ్గరికి రానక్కర్లేదని చెప్పేశాడు.

అక్క ఇంట్లో దగ్గొచ్చినా నోరు గట్టిగా మూసుకుని ఆపుకుంటోంది.