గుడ్డతో కొలిచిన సందు

మా ఇంటి పక్క సందు వెడల్పు ఎంతో, పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో నేను ఎన్నడూ పట్టించుకోలేదు. ఆళ్లగడ్డలో బజారు వెనక వీధి మాది. మా గోడకూ పక్కింటి గోడకూ మధ్య వీధి నుంచి పెరటిదాకా పోయే సందు అది. మా బట్టల అంగడికి వచ్చే మూటలు తోపుడు బండి మీద అందులోకే వస్తాయి. వసారాకు ఉన్న పక్కతలుపు తీసి రెండు మెట్లు దిగితే సందులో ఉంటాం. మూటలు దించడానికీ, తడిబట్టలు ఆరేయడానికీ తప్ప దాంతో ఎవరికీ పని లేదు. అందులో కారు పడుతుందా అన్న ప్రశ్న మా ఇంట్లో పుట్టింది మా ఆయన కాలు పోయాక.

షుగరు. పాదానికి పుండు, అది మానకపోవడం, నంద్యాల ఆసుపత్రిలో కుడికాలు మోకాలి పైదాకా తీసేయడం, కొన్నాళ్లకు పెట్టుడు కాలు. చాలా ఇళ్లలో జరిగేదే కాబట్టి వివరంగా రాయను. రాయాల్సింది ఒక్కటే. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎనిమిది నెలలు ఆయన గడప దాటలేదు. ముప్పై ఏళ్లు అంగట్లో పరుపు మీద కూర్చుని ఊరందరితో మాట్లాడిన మనిషి, వసారాలో కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. అంగడి నేను చూసుకున్నాను. అమ్మడం నాకు రాకపోలేదు. కానీ ఈయన మళ్లీ అంగట్లో కూర్చోకపోతే ఈ కుర్చీలోంచి ఇంక లేవడని నాకు భయం పట్టుకుంది. రాత్రీ పగలూ అదే భయం.

ఆటో పిలిస్తే అయిపోతుంది కదా అంటారు. ఒకసారి పిలిచాను. హారను వినగానే అరుగుల మీద ఉన్నవాళ్లంతా లేచి వచ్చారు. మంచివాళ్లే, అదే వచ్చిన గొడవ. ఒకరు చంకలో చెయ్యి పెట్టారు, ఒకరు నడుం పట్టుకున్నారు, ఇంకొకరు పెట్టుడు కాలిని ఎత్తి ఆటోలో పెట్టబోయారు. "మెల్లగప్పా, మెల్లగ!" అని ఒకరు, "పాపం, ఎట్లుండే మనిషి ఎట్లయిపాయ!" అని ఇంకొకరు. ఆయన ఆటో ఎక్కకుండానే చంక కర్రలు తిప్పుకుని లోపలికి వచ్చేశాడు.

ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాడు. "అంగడికి పోతా. కానీ వీధిలో ఎక్కను. కారు ఒకటి చూడు, చిన్నది. సందులోకి రావల్ల. పక్కతలుపు తీసుకోని ఎక్కి కూర్చుంటా. ఎవునికీ కనపడగూడదు."

"ఎవురు తోల్తారు?"

"నువ్వే. స్కూటీ తోల్తాండావ్ కదా."

నాకు యాభై దాటాయి. స్కూటీకీ కారుకూ తేడా లేదనుకునే మనిషితో ఏం వాదిస్తాం! అయినా ఎనిమిది నెలల తర్వాత నోరు తెరిచి ఒకటి అడిగాడు. మర్నాడే డ్రైవింగు నేర్పేవాడి దగ్గర చేరాను. క్లచ్చు ఒకటి తప్ప మిగతావన్నీ తొందరగానే పట్టుబడ్డాయి.

సందు కొలిచే పని ఆయనే పెట్టుకున్నాడు. కర్రలు వదిలేసి కిందికి వంగలేడు కాబట్టి, బట్టల అంగడి మనిషికి ఏది తోచాలో అదే తోచింది. తెల్ల లైనింగు గుడ్డ తెప్పించి, నన్ను సందులోకి దింపాడు. ఒక కొసను పక్కింటి గోడకు మేకుతో నొక్కి, రెండో కొసను మా గోడ దగ్గర కత్తెరతో తెగ్గోశాను. ఆ ముక్కను ఆయన వసారాలో ఒళ్లో వేసుకుని అంగడి మీటరు కడ్డీతో కొలిచాడు. ముప్పై ఏళ్ల చెయ్యి. గుడ్డ కడ్డీ మీద సర్రున జారుతుంటే చూడ్డానికి ముచ్చటేసింది.

"రెండు మీటర్ల మీద జానెడు. రాసుకో," అన్నాడు.

రాసుకున్నాను. ఆ ముక్కను మర్నాడు ఒకామె లంగాకు లైనింగు కావాలంటే ఇచ్చేశాను. మా ఇళ్లలో గుడ్డముక్క ఊరికే పడి ఉండదు.

నంద్యాలకు నేనొక్కదాన్నే బస్సులో వెళ్లాను, పేపరు చుట్టిన మీటరు కడ్డీ పట్టుకుని. ఊరి బయట పాత కార్లను ఎండలో వరసగా నిలబెట్టి అమ్మే చోటు ఒకటుంది. అక్కడి మనిషి మర్యాదగా కుర్చీ వేసి, టీ చెప్పి, మైలేజీ గురించి, టైర్ల గురించి, ఆ కారును ముందు వాడిన డాక్టరు గురించి మొదలుపెట్టాడు. నేను లేచి కడ్డీ తీసి మొదటి కారుకు అడ్డంగా పెట్టాను.

"ఏందక్కా, కారు కొనేకొచ్చినావా, రవికె గుడ్డ కొనేకొచ్చినావా?"

"ఇంజను సంగతి తర్వాతప్పా. వెడల్పు చెప్పు."

పెద్ద కార్లన్నీ అక్కడే పోయాయి. మా దగ్గరున్న దుడ్లకు వచ్చేవి మూడు మిగిలాయి. తెల్లది లావు. నీలందానికి తలుపులు మరీ పొడుగు. చివరికి, ఎండకు వెలిసిపోయిన ఎర్ర కారు ఒకటి. దాని ఎడమ తలుపు తెరిచి, ఆయన ఎట్లా ఎక్కుతాడో అట్లా ఎక్కి చూశాను. ముందు వీపు పెట్టి కూర్చోవాలి. తర్వాత కుడికాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకోవాలి. ఆ కాలు సరిగా వంగదు కాబట్టి తలుపు బాగా తెరుచుకోవాలి. కొంచెం తెరిచి కూర్చున్నాను, పట్టలేదు. ఇంకొంచెం తెరిచి కూర్చున్నాను. కాలు తగలకుండా లోపలికి వచ్చేదాకా చూసుకుని, తలుపు అంచు ఎంత బయటికి వచ్చిందో కొలిచాను. కారూ తలుపూ కలిపి రెండు మీటర్ల మీద జానెడు! నాకు అక్కడే గంతెయ్యాలనిపించింది.

అమ్మే అతను ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. "అక్కా, ఒగసారి స్టార్టు చేసన్నా చూడు," అన్నాడు జాలిగా.

రెండు రోజులకు అతని డ్రైవరు కారు తెచ్చాడు. పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అతని చేతనే సందులోకి పెట్టించాను. పక్కింటి గోడకు ఒరుసుకునేంత దగ్గరగా, మెట్లకు కాస్త ఇవతల ఆపాడు. కుడి తలుపు తెరిచే వీలు లేక గేరు మీదుగా జరిగి ఎడమవైపు దిగాడు. రేపటినుంచి ఈ తిప్పలు చీరలో నేను పడాలి. పడతాను, దానికేం!

డ్రైవరు వెళ్లిపోయాక ఆయన పక్కతలుపులోంచి వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. నేను కారు తలుపు తెరిచాను. అది మా గోడకు తగిలి ఠక్కున ఆగింది. ఆయన వీపు పెట్టి కూర్చుని, కాలు ఎత్తాడు. పాదం తలుపుకు తగిలింది. పక్కకు తిప్పాడు. మళ్లీ తగిలింది. సీటు వెనక్కి జరిపాం, ఆయన ఒళ్లంతా వంచాడు, నేను కింద కూర్చుని కాలు పట్టుకుని చూశాను. చివరికి చొక్కా తడిసిపోయి, "చాల్లే," అన్నాడు. ఇంకొక్క నాలుగు వేళ్ల చోటుంటే సరిపోయేది.

మేస్త్రీని పిలిచాను. అతను టేపు పెట్టి గోడకూ గోడకూ కొలిచాడు. "రెండు మీటర్ల మీద జానెడా? యాడుండాదమ్మా? నాలుగు వేళ్లు తక్కువ. ఎవురు కొల్చినారు?"

ఎవరు కొలిచారో సరే, ఎట్లా తప్పిందో తెలియడానికి నాకు ఒక నిమిషం పట్టింది. బట్టల అంగట్లో గుడ్డను లాగి పట్టి కొలుస్తారు. లాగిన గుడ్డ సాగుతుంది, సాగిన గుడ్డ కడ్డీ మీద ఎక్కువ చూపిస్తుంది. మా బజారులో అందరూ చేసేదే, కొనేవాళ్లకూ తెలుసు. ఆయన చేతికి ఇంకో రకంగా కొలవడం రాదు. నేను కార్లను కొలిచింది కూడా ఆ కడ్డీతోనే, కానీ ఇనుమును ఎంత లాగినా సాగదు కదా. సందును మాత్రం ఆయన ఒళ్లో పెట్టుకుని లాగి కొలిచాడు.

నాకు నవ్వూ మంటా ఒకేసారి వచ్చాయి. "ఊర్లో ఆడోళ్లు రవికెలు పట్టలేదని టైలర్లను తిట్టుకుంటాండారు. ఆ టైలరు ఏం జేసినాడు పాపం!" అన్నాను.

ఆయన తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "సొంతింటికి గూడా అట్లే కొల్చినానే," అన్నాడు.

గోడ పూత చెక్కితే రెండు వేళ్లు వస్తాయనీ, అంతకు మించి కొడితే పైకప్పుకు తనది పూచీ కాదనీ మేస్త్రీ చెప్పాడు. పోతూ పోతూ ఒక సలహా ఇచ్చాడు. "వెనక డిక్కీ ఎత్తి ఎక్కిస్తే బేగా అయిపోతాదప్పా."

"నేనేమన్నా గుడ్డల మూటనా?" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

అంతకంటే సన్నటి కారు మా చేతికి అందే ధరలో లేదు. ఎర్ర కారు సందులో ఉండిపోయింది, ఆయన కుర్చీలో ఉండిపోయాడు. తెల్లచొక్కా మడత పెట్టి బీరువాలో పెట్టేశాడు. అది చూసిన రోజు నాకు ఏడుపు వచ్చింది. వారం గడిచేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది. కాలు పోయింది షుగరు వల్ల, ఒప్పుకుంటాను. ఈ కుర్చీ మాత్రం ఆయన సొంత నిర్వాకం.

ఒక ఉదయం అంగడి తాళాలు తీసుకుని, గేరు మీదుగా పాక్కుంటూ వెళ్లి కూర్చుని, కారును వెనక్కి నడిపి వీధిలోకి తెచ్చాను. ఎడమ అద్దం గోడకు గీసుకుపోయింది. ఇంటి ముందు ఆపి, హారను మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. అనుకున్నట్టే అరుగుల మీదివాళ్లు లేచి వచ్చారు. నేను కిటికీలోంచి అరిచాను.

"ఎవురూ దగ్గరికి రావద్దండి! తోలేది నేను. ఇది ఎటు పోతాదో నాకే తెలీదు!"

అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగారు. కొందరు మళ్లీ అరుగెక్కారు. నేను హారను కొడుతూనే ఉన్నాను. చాలాసేపటికి ఆయన వీధి గుమ్మంలోకి వచ్చాడు. ఆ తెల్లచొక్కానే, గుండీ ఒకటి తప్పు పెట్టుకున్నాడు. కర్రల మీద మెట్టు దిగాడు. నేను లోపలినుంచే తోసిపెట్టిన తలుపు మొత్తం తెరుచుకుని ఉంది. వీపు పెట్టి కూర్చున్నాడు, రెండు చేతులతో కాలిని ఎత్తి లోపల పెట్టుకున్నాడు. వీధి వీధంతా చూసింది. నేను ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చున్నాను.

"పోనీ," అన్నాడు. మెడ మీద చెమట కారుతోంది.

క్లచ్చు వదిలాను. కారు ఎగిరి, ఊగి, ఆగిపోయింది. వెనక ట్రాక్టరువాడు హారను కొట్టాడు. ఎదురింటి అరుగు మీది ముసలామె గట్టిగా అడిగింది, "ఏమ్మే, కారు తోల్తాండావా, ఎనుముల్ని తోల్తాండావా?"

వీధి గొల్లుమంది. అందరి కళ్లూ నా మీదే. నేను పక్కకు చూశాను. ఆయన అరచేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కాలు పోయాక మొదటిసారి నవ్వు, అదీ నా మీద!

మళ్లీ స్టార్టు చేశాను. పది గజాలు పోయి, వీధి చివర ఇంకోసారి ఆగాం. ఈసారి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. స్టీరింగు ఎన్నడూ పట్టని మనిషి, "క్లచ్చు, క్లచ్చు తొక్కు!" అని వీధికి వినపడేలా అరుస్తూ నవ్వాడు. ట్రాక్టరువాడితో కూడా ఏదో అన్నాడు.

ఆయన ఇప్పుడు రోజూ అంగడికి వస్తాడు, వీధిలోనే ఎక్కుతాడు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా, మా ఆవిడ మొదటిరోజు రెండుసార్లు బండి ఆపేసిందని చెప్పి నవ్విస్తాడు. చెప్పుకోనీ. మొదటిసారి నాకు క్లచ్చు రాక ఆగింది. రెండోసారి నేనే ఆపాను.