పిడికెడు, ఆ పైన సగం

మా చిన్నమ్మ మొన్న మంగళవారం తెల్లవారుతుండగా చనిపోయింది. నిద్రలోనే పోయింది. ఆమె బతుకులో లొల్లి లేకుండా జరిగింది అదొక్కటే అని మా చెల్లె అన్నది.

మీలో చర్చికి వచ్చేవాళ్ళకు ఆమె తెలియకపోయినా ఆమె చప్పట్లు తెలిసే ఉంటాయి. ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో, స్తంభం పక్కన కూర్చునేది. కుడిచేతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు. అందరి చప్పట్లూ ఒక తీరున మోగితే ఆమెది ఖాళీగా, కొంచెం ఆలస్యంగా వినపడేది. పిల్లలు తిరిగి చూసేవాళ్ళు. "ఏం జూస్తున్రు? మూడు వేళ్ళతోనే గింత సప్పుడు. ఐదుంటే పైకప్పు లేస్తుండె" అని వాళ్ళను నవ్వించేది.

ఆ వేళ్ళు పోయిన పొద్దు గురించి ముందు చెప్పాలి. అది అన్ని పొద్దుల్లాంటిదే.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. అమ్మానాన్నలు లేరు. మా ముగ్గురినీ చిన్నమ్మే తెచ్చుకుంది. ఆమెకు పిల్లల్లేరు. నేను పెద్దదాన్ని, తర్వాత చెల్లె, అందరికన్నా చిన్నవాడు తమ్ముడు. వాడికి ఎనిమిదేళ్ళు. రెండు గదుల రేకుల ఇల్లు మాది. ఆ పొద్దు చిన్నమ్మ వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, పొయ్యి ముట్టించింది. నేను చెల్లెకు జడ వేస్తున్నాను. తమ్ముడు ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండో చెప్పు కోసం మంచం కింద దూరాడు. చర్చి గంట మోగింది. చిన్నమ్మ ఏదో పాటను మధ్యలోంచి పాడుతోంది. పాటల మొదళ్ళు ఆమెకు ఎప్పుడూ గుర్తుండేవి కావు.

ఎసరు పెట్టి, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేయబోయింది. మా చర్చి ఆడవాళ్ళు చాలామంది చేసే పనే ఇది. పొయ్యెక్కే ప్రతి వంటకూ ముందు ఒక పిడికెడు దేవునికి తీస్తాం. ఆదివారం ఆ డబ్బాలు తెచ్చి చర్చిలో పెద్ద గంపలో కుమ్మరిస్తాం. ఆ బియ్యం లేనివాళ్ళ ఇళ్ళకు పోతుంది.

చిన్నాయన అప్పుడే లోపలికొచ్చాడు. రాత్రి తాగింది ఇంకా దిగలేదు.

"ఇంట్ల తిననీకి లేదు, గుడికి మోస్తున్నవా?"

"ఒక్క పిడికెడే. పొద్దుగాల పొద్దుగాల లొల్లి ఎందుకు? కూసో, చాయ్ పోస్త."

"ఏ చేత్తోని ఏస్తున్నవే? ఏ చేత్తోని?"

రేకుల సందులో కొడవలి ఉండేది. అది గుంజి, డబ్బా అంచు మీదున్న చేతిపై కొట్టాడు. రేకు మీద ఇనుము తగిలిన చప్పుడే నాకు వినబడింది. చిన్నమ్మ అరవలేదు. అరిచింది తమ్ముడు. మంచం కింద, చేతిలో చెప్పుతో, వాడు మొత్తం చూశాడు.

చిన్నాయన కొడవలి రెండోసారి ఎత్తాడు. నేను మరుగుతున్న ఎసరు గిన్నె లాగి అతని కాళ్ళ మీద కుమ్మరించాను. కొడవలి జారింది, అతను కుంటుకుంటూ వీధిలోకి పరుగెత్తాడు. నేను నెమ్మదైనదాన్నని మీరంతా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ గిన్నె గుర్తొస్తుంది.

దవాఖానలో చిన్నమ్మ "కొడవలి మీద పడ్డ" అని చెప్పింది. నన్ను కళ్ళతోనే ఊరుకోమంది. కుట్లు వేస్తుంటే మొదట ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. తర్వాత పాట ఎత్తుకుంది, మళ్ళీ మధ్యలోంచి.

"గిదేందమ్మా, పాడవడితివి?" అని నర్సు నవ్వింది.

"ఏడ్సుడు అయిపాయె సిస్టర్. ఇగ పాటనే మిగిలింది."

ఇంటికొచ్చాక చూడవచ్చిన వాళ్ళందరికీ అదే అబద్ధం చెప్పింది. రెండో నాటికి చిన్నాయన కూడా కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని వచ్చి గడపలో కూర్చున్నాడు. అలాగే సాగిపోయేదేమో. నేనొక తప్పు చేశాను.

ఆ వారమంతా మేం పొయ్యి ముట్టించలేదు, పక్కింటివాళ్ళే పెట్టారు. డబ్బా మూత పెట్టినట్టే ఉంది. ఆదివారం వచ్చేసరికి, చిన్నమ్మ మంచంలో ఉంది కదా అని, అలవాటుగా ఆ డబ్బా చంకనబెట్టుకుని తమ్ముడితో చర్చికి పోయాను. మూత తీసి చూడాలని తోచలేదు. నా వంతు రాగానే గంపలో కుమ్మరించాను. తెల్లటి బియ్యం మీద నల్లగా ఎండిన నెత్తురు ముద్ద ఒకటి పడింది. గింజలన్నీ దానికి అంటుకుపోయి ఉన్నాయి.

పాస్టరమ్మ గారు వంగి ఆ ముద్దను అరచేతిలోకి తీసుకున్నారు.

"ఇదేంది బిడ్డా?"

తమ్ముడు చెప్పాడు. "చిన్నమ్మ పడలే. చిన్నాయననే నరికిండు. నేను జూసిన."

ఆ మాట కొస వరుస దాకా వినబడింది. ఆరాధన అయీ కాకముందే ఎనిమిది మంది ఆడవాళ్ళు మా ఇంటికొచ్చారు. చిన్నాయన లేచి ఒకామెను నెట్టాడు. ఆమె తన డబ్బాతోనే అతని మొహం మీద కొట్టింది. ముక్కు పగిలింది. పాస్టరమ్మ గారు అడ్డం పడకపోతే ఇంకేం జరిగేదో. చిన్నమ్మను రిక్షా ఎక్కించి స్టేషన్‌కు తీసుకుపోయారు. చిన్నమ్మ అక్కడ నిజం చెప్పింది. అతను జైలుకు పోయాడు.

నన్ను తిడుతుందనుకున్నాను. ఆ రోజు నా తల మీద ఎడమ చెయ్యి పెట్టి, "నేను మూత పెట్టిన, దేవుడు దీసిండు. నువ్వు మోసినవు, అంతే" అంది.

తర్వాత ఆమె ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. మూడు వేళ్ళతో పిండి పిసికేది, మూడు వేళ్ళతో మా చెల్లె జడ వేసేది. ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగిన మొదటి రోజు బియ్యంలో చెయ్యి పెట్టింది. పిడికిలి బిగించింది. వేళ్ళు లేని దిక్కు నుంచి గింజలు జారిపోయాయి. మిగిలింది డబ్బాలో వేసి, కాసేపు చూసి, మళ్ళీ చెయ్యి పెట్టి ఇంకో సగం తీసింది.

"నా పిడికిలి కుంటిదాయె. తక్కువ కొలిస్తే దేవుడేమనడు గని, నాకే సిగ్గయితది."

అప్పటి నుంచి ఆమె కొలత అదే. పిడికెడు, ఆ పైన సగం. నాలుగు నెలల కింద చెయ్యి వణకడం మొదలైనా ఆ సగం మానలేదు.

ఆమెకు నొప్పి లేదని నేను చెప్పను. చలికాలం లేని వేళ్ళు గుంజేవి. కొన్ని రోజులు వంటింట్లో గిన్నెలు విసిరికొట్టి ఏడ్చేది. మేం దగ్గరికి పోతే "పోండ్రి, నా ఏడ్పు నన్ను ఏడ్వనీయుండ్రి" అనేది. కాసేపటికి లోపలి నుంచి పాట వచ్చేది. ఒకసారి అడిగాను, అంత ఏడ్చాక పాట ఎలా వస్తుందని. "మొదటికెంచి పాడాల్నంటే రాదు బిడ్డా. యాడ తెగిందో ఆడికెంచే ఎత్తుకోవాలె" అంది. ఆమె దగ్గర నేను నేర్చుకున్న సంతోషం ఇదే. ప్రార్థనలో కూర్చుని నేర్చుకున్నదానికన్నా ఆ వంటింటి గడప బయట నిలబడి నేర్చుకున్నది ఎక్కువ.

చిన్నాయన జైలు నుంచి వచ్చాక ఒక మధ్యాహ్నం మా తలుపు మీద రాళ్ళు వేశాడు. కిటికీ పగిలింది. ఒక రాయి చెల్లె భుజానికి తగిలింది. "తలుపు తియ్యే! నీ దేవుడు చమించుమన్నడు గద, తియ్యే!" అని అరిచాడు.

చిన్నమ్మ తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఇటు నుంచి జవాబిచ్చింది. "చమించిన. ఆ దినమే చమించిన. తలుపు మాత్రం తియ్య."

తమ్ముడికప్పుడు పన్నెండేళ్ళు. రోకలి ఎత్తుకుని తలుపు దగ్గరికొచ్చాడు. వాడి కళ్ళు చూసి నాకు భయమైంది. చిన్నమ్మ వాణ్ణి నడుము పట్టి కిందికి లాగి, ఒడిలో అదిమిపెట్టింది. వాడు గింజుకుని ఆమె చెయ్యి కొరికాడు. ఆమె వదల్లేదు.

"నీ చెయ్యి నాకు గావాలె బిడ్డా. నాది సగమే ఉన్నది. మీ చిన్నాయనది ఎట్లయిందో జూసినవు గద. నీది అట్ల కానియ్య."

"నువ్వున్నన్ని దినాలే చిన్నమ్మా" అన్నాడు వాడు. "అటెన్క ఆపేటోళ్ళు ఎవ్వరు?"

పన్నెండేళ్ళకు అన్న మాట ఇరవై ఐదేళ్ళకూ అన్నాడు. పోయిన ఏడాది కూడా, ఇద్దరు పిల్లల తండ్రి, అదే మాట అన్నాడు. చిన్నమ్మకు చావంటే భయం లేదు. తను పోయాక వాడి చెయ్యి ఏమవుతుందోనన్నదే ఆమె భయం. నాతో చేయించిన ప్రార్థనల్లో చివరిది ఎప్పుడూ ఆ చెయ్యి కోసమే ఉండేది.

మంగళవారం మధ్యాహ్నం చిన్నాయన వచ్చాడు. టేక్మాల్ దిక్కు చుట్టాల దగ్గర ఉంటున్నాడని విన్నాం. బస్సు దిగి కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చి, మా గేటు బయట నిలబడ్డాడు. ముందు గదిలో చిన్నమ్మను పెట్టెలో ఉంచాం. ఆడవాళ్ళు పాడుతున్నారు. తమ్ముడు వాకిట్లో షామియానా గుంజల కోసం గడ్డపారతో గుంతలు తీస్తున్నాడు. తలెత్తి చూశాడు.

మధ్యలో ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. గేటు అవతల ఆయన కింద పడి ఉన్నాడు. తమ్ముడు మోకాలు ఆయన ఎదమీద పెట్టి మొహం మీద గుద్దుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. పన్ను ఊడి మట్టిలో పడింది. పాట ఆగిపోయింది. పట్టుకోబోయిన ఇద్దరు మగవాళ్ళను విసిరేశాడు. లేచి గడ్డపార అందుకున్నాడు.

"ఏ చేత్తోనిరా?" అని అరుస్తున్నాడు. "ఏ చేత్తోని నరికినవు? పెట్టు! కింద పెట్టు!"

ముసలాయన కుడిచెయ్యి నిజంగానే మట్టిలో చాపాడు. గడ్డపార పైకి లేచింది.

నేను గేటు దాకా మాత్రమే పోగలిగాను. పెద్ద మాటలేవీ రాలేదు.

"తమ్మీ, నీ చెయ్యి" అన్నాను.

గడ్డపార దిగింది. ఆయన వేళ్ళకు జానెడు దూరంలో రాయికి తగిలి నిప్పులు లేచాయి. తమ్ముడు దాన్ని అక్కడే వదిలి, తన రెండు అరచేతులూ చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత, ఎనిమిదేళ్ళవాడు ఏడ్చినట్టే ఏడ్చాడు.

ముసలాయన నోరు తుడుచుకున్నాడు. "ఇంట్లకు రాను బిడ్డా. ఒక్క పిడికెడు మన్నేసి పోత" అన్నాడు. చెల్లె ఒక చెంబు నీళ్ళు తీసుకుపోయి గేటు బయటే పెట్టి వచ్చింది. లోపల ఆడవాళ్ళు పాటను తెగిన చోటి నుంచి ఎత్తుకున్నారు.

ఆ సాయంత్రం మేం ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. చెల్లె ముందే అన్నది, "ఇంట్లకైతే వద్దు. చిన్నమ్మ తియ్యని తలుపు మనం తీసుడేంది?" అందులో ముగ్గురిదీ ఒకటే మాట. సమాధి దగ్గర సంగతే తేలలేదు. తమ్ముడు నా వైపు తిరిగాడు.

"అదే చేత్తోని ఏస్తడా అక్కా?"

"అదే చేత్తోని. ఆయనకున్నది అదే గద."

చివరికి వాడే చెప్పాడు. మరునాడు పొద్దున అందరం మట్టి వేసి పక్కకు జరిగాక, ఆఖరున ఆయన వేయాలి. వాడే దగ్గరుండి తీసుకుపోతాడు, వాడి చేతిలో ఏమీ ఉండదు. వేశాక వాడే బస్సెక్కించి వస్తాడు. మేం సరే అన్నాం.

లేవబోతూ వాడు పొయ్యి వైపు చూశాడు. చావింట్లో పొయ్యి ముట్టించరు కాబట్టి ఆ రోజు వంట లేదు. "పొద్దటి పిడికెడు పడలే" అన్నాడు. బియ్యం బస్తా మూతి విప్పి, వాచిన కుడిచెయ్యి లోపల పెట్టాడు. చివరి రెండు వేళ్ళూ అరచేతిలోకి మడుచుకుని, మూడు వేళ్ళతో ఒక పిడికెడు తీసి డబ్బాలో వేశాడు. గింజలు కొన్ని నేల మీద రాలాయి. మళ్ళీ చెయ్యి పెట్టి, ఇంకో సగం తీశాడు.