జాబితాలో నా పేరు

గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. చీరల అంచులకూ కొంగులకూ గ్రాఫులు, అంటే గళ్లల్లో వేసే డిజైన్లు, కంప్యూటర్లో నేనే గీస్తాను. ఆ పాత కంప్యూటర్లో విండోస్‌కు బదులు లినక్స్ వేసిచ్చి, ఏ పనికి ఏ కమాండ్ కొట్టాలో ఓపిగ్గా నేర్పింది వనపర్తిలో కంప్యూటర్ సెంటర్ నడిపే అక్క. చుట్టం కాదు, అయినా నోరారా అక్కా అనేదాన్ని. నా మెషిన్ ఎప్పుడు ఆగిపోతుందోనని గ్రాఫులన్నిటినీ టార్ అనే కమాండ్‌తో ఒకే ఫైలుగా కట్టి, ఒక కాపీ ఆమె దగ్గర దాచాను.

పోయిన ఎండాకాలం ఆత్మకూరు నుంచి చీరల వ్యాపారి ఒకాయన పెన్‌డ్రైవ్‌తో వచ్చాడు.

"కొత్త డిజైన్లు కొన్న బేటీ. నా కంప్యూటర్ల తెరుచుకుంటలేవు, జర చూడు."

అందులో ఒకే ఒక్క ఫైలు ఉంది. తెరవబోతే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాం లేదని మొరాయించింది. ఫోన్ నెట్ కలిపి దాన్ని ఇన్‌స్టాల్ చేశాను. విప్పేముందు లోపల ఏముందో ఒకసారి జాబితా చూడటం నాకు అలవాటు. టార్ ఆ జాబితాలో ఫైలు పేరుతోపాటు, కట్టేనాటికి అది ఏ యూజర్ పేరు మీద ఉందో కూడా చూపిస్తుంది.

ప్రతి వరుసలో నా పేరే ఉంది. నేను కట్టి ఇచ్చిన ఫైలునే మరింత గట్టిగా కుదించి, పైపేరు మాత్రం మార్చారు.

"ఎవరి దగ్గర కొన్నరు?" అని అడిగాను.

"వనపర్తి మేడం దగ్గర. సొంతంగ గీసిన అన్నది."

ఆయన ముందే ఫోన్ చేశాను.

"అక్కా, ఆత్మకూరు సాబుకు ఇచ్చినయి నా గ్రాఫులే గదా?"

కాదంటుందనుకున్నాను. కాదన్నా బాగుండేది.

"అయితేంది చెల్లె? నీకు నేర్పిందెవరు? నేను లేకుంటే నువ్వు గీస్తుంటివా?"

గొంతులో తడబాటు కూడా లేదు. ఫోన్ పెట్టేశాను.

వ్యాపారి తెరమీది వరుసలను పైనుంచి కిందిదాకా చూశాడు. "నాకు తెల్వదు బేటీ. నువ్వు సరే అనేదాంక వీటిని మగ్గమెక్కియ్య" అని లేచి వెళ్లాడు. తర్వాత గ్రాఫుల కోసం నేరుగా నా దగ్గరికే రావడం మొదలుపెట్టాడు.

నెల తిరక్కముందే అక్క ఫోన్ చేసింది, ఏమీ జరగనట్టే. "గద్వాలకొచ్చిన, ఇంట్ల ఉన్నవా?"

లేను, ఊరికెళ్లానన్నాను. నేనప్పుడు మా గడపలోనే నిలబడి ఉన్నాను.