గలీనా గారి వదులు వరుసలు

2022లో అబుదాబిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను హ్యాండ్ థెరపీ విభాగానికి సీనియర్ థెరపిస్టుని. విరిగిన, నలిగిన చేతులను మళ్లీ పనికి తేవడం మా ఉద్యోగం. ఐకాడ్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల నుంచీ మఫ్రఖ్ లేబర్ క్యాంపుల నుంచీ వచ్చే మగవాళ్లే ఎక్కువ. ఆ వేసవిలో వాళ్ల మధ్యకి ఊలు సంచీతో గలీనా గారు వచ్చారు. కూతురి పురిటికని రష్యా నుంచి వచ్చి, బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు.

పుట్టబోయే మనవరాలికి ఆవిడ మేక నూగుతో, వలలాంటి సన్నటి జాలీ శాలువా అల్లుతున్నారు. బిడ్డను ఆసుపత్రి నుంచి అందులో చుట్టి ఇంటికి తేవడం వాళ్ల ఆనవాయితీ. కింది అంచు పూర్తయ్యేసరికి చెయ్యి విరిగింది. కూతురికి నెలలు నిండేలోగా శాలువా పూర్తి కావాలి, ఆవిడకు అదొక్కటే పట్టింది.

కట్టు విప్పాక ముందు కీలు ఎంత వంగుతుందో కొలుస్తాం. తర్వాత మెత్తటి రబ్బరు ముద్ద పిసికిస్తాం. చివరికి పట్టు బలం మీటరు మీద చూస్తాం. ముద్దను ఆవిడ పిల్లలాట అని పక్కకు నెట్టేశారు. సరే మహాతల్లీ అనుకుని లావు సూదులూ లావు ఊలూ ఇచ్చాను. నాలుగు రోజుల్లో నాకో టోపీ అల్లేశారు. అబుదాబి ఎండల్లో ఊలు టోపీ! ఏసీ పుణ్యమా అని పెట్టుకునే తిరిగాను.

అసలు చిక్కు శాలువా దగ్గర వచ్చింది. చేతిలో పట్టు చాలక కొత్త వరుసలు వదులుగా పడుతున్నాయి. మా దగ్గర అల్లిందంతా ఆవిడ ఇంటికెళ్లి ఇప్పేసేవారు. అంత సన్నటి పోగు గిల్లి లాగడంతో మణికట్టు మళ్లీ వాచేది. మా అసిస్టెంటు పద్మది జగిత్యాల. సంచీలోకి తొంగిచూసి, "మల్ల ఇప్పుకొచ్చింది మేడమ్. గిట్లయితే పిల్ల పుడ్తది గని శాలువ గాదు," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇక ఇప్పడం ఖలాస్ అని ఆర్డరు వేశాను. వదులో బిగువో పసిబిడ్డ చూస్తుందా అని కూడా అడిగాను. ఆవిడ జవాబును, వెంట వచ్చిన కూతురు ఇంగ్లీషులో చెప్పింది: "ఇప్పుడు చూడదు. పెద్దయ్యాక చూస్తుంది కదా."

మాట నిజమే. అయినా ఆర్డరు ఆర్డరే. ఆవిడ మూతి ముడుచుకుని, ఇప్పకుండా అల్లుతూ పోయారు. నడిమి భాగానికి వచ్చేసరికి అల్లిక మునుపటిలా బిగిసింది. మీటరు మీద పట్టు ఎడమ చేతికి దీటుగా వచ్చింది. ఇక డిశ్చార్జి రాద్దామనుకుంటుండగా, పై అంచు దగ్గర వరుసలు మళ్లీ వదులయ్యాయి. చెయ్యి మళ్లీ సడలిందనుకున్నాను. గబగబా కీలు కొలిచాను, లోపమేమీ లేదు. ఆవిడేమో ముసిముసిగా నవ్వుతున్నారు.

శాలువా బల్ల మీద పరిచి చూపించారు. కింద ఎన్ని వరుసలు వదులో పైనా అన్నే, అంతే వదులు. రెండు వైపులా కోరి వేసిన పట్టీలా ఉంది. మనవరాలు అందులోనే ఇంటికి వెళ్లింది.

అంతవరకూ నేను బలం తిరిగొస్తే చెయ్యి బాగుపడినట్టేనని రాసేదాన్ని. బిగించడం ఎంత పనో, కావలసినంతే వదలడమూ అంత పనేనని ఆవిడ చేతిలో చూశాను. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ఐకాడ్ వెల్డరైనా సరే, గట్టిగా పట్టి చూపించాక మెల్లగా వదిలి కూడా చూపిస్తేనే సంతకం పెట్టాను.