ఉట్టి మార్కు కట్టమీద కుంకుమ బొట్టు

బీడీ చుట్టడంలో తిరుపాలమ్మ చేయి అందరికన్నా ముందుండేది. ఒడిలో చాట, చాటలో పొగాకు పొడి, పక్కన తడిగుడ్డలో తునికాకు. ఆకు కత్తిరించి, చుట్టి, మూతి మడిచి, దారం వేసేదాకా ఆమె కళ్లు ఉయ్యాలలోని పిల్లమీదే ఉండేవి. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

బెళుగుప్పకు మూడు మైళ్ల దూరంలో వాళ్ల పల్లె. వరసగా రెండేళ్లు వాన ముఖం చాటేసింది. విత్తిన శనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. మొగుడు సుంకప్ప, కాలువ నీళ్లున్న కణేకల్ వైపు కూలికి వెళ్లాడు. ఇంట్లో తిరుపాలమ్మా, ఏడు నెలల చంటిపిల్లా మిగిలారు.

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి దిగాడు బీడీల ఏజెంటు గంగాధరప్ప. ఆకూ పొగాకూ ఇచ్చి, చుట్టిన బీడీలు పట్టుకుపోవడం ఏ ఏజెంటైనా చేసేదే. ఇతను లేబుళ్లు కూడా తెచ్చి, ఇళ్లలోనే అంటించమనేవాడు. లేబులుమీద ఉట్టి బొమ్మ, కింద ఏవో అక్షరాలు. ఉట్టి మార్కు బీడీ అంటే ఆ రోజుల్లో మగవాళ్లు పడిచచ్చేవాళ్లు.

“ఇవి కంపెనీలో అంటించరా అన్నా?” అని ఒకసారి తిరుపాలమ్మ అడిగింది.

“నీకేటికమ్మా అదంతా? చుట్టు, అంటించు. ఎవురన్నా అడిగితే నా పేరు మాత్రం ఎత్తద్దు.”

ఆ చివరి మాట ఆమెకు రుచించలేదు. కానీ పొయ్యిమీద సంగటి ఉడకాలి కదా! నోరు మూసుకుని చుట్టింది.

అయితే ఆమెకో అలవాటు. గంప నిండగానే మొదటి కట్టకు కుంకుమ బొట్టు పెట్టి, సుంకులమ్మ తల్లిని తలుచుకుని మరీ పంపేది. కొత్త కుండకూ, కొత్త నాగలికీ పెట్టే చేయి బీడీ కట్టకు పెట్టకుండా ఎలా ఉంటుంది? పనికి అడ్డం రాకుండా చూడు తల్లీ అని ఆమె మొక్కు. గంగాధరప్ప తీసుకెళ్లే తొందరలో ఏనాడూ దాన్ని గమనించుకోలేదు.

ఒక బుధవారం పొద్దున పక్కింటి ఓబులమ్మ వగర్చుకుంటూ వచ్చి పడింది.

“వదినా, జీపొచ్చింది! అనంతపురం నుంచి ఇన్స్పెక్టరంట, ఇద్దరు పోలీసోళ్లు. మనం అంటించేటివి దొంగ మార్కులంట! రాయదుర్గం అంగట్లో పట్టుకున్యారంట, మన పల్లె నుంచే పోయినాయని తెలిసిందంట. ఒక కట్టమీద బొట్టు ఉండాదంట. బొట్టు పెట్టినామె ఎవరని ఇల్లిల్లూ అడగతాండారు!”

తిరుపాలమ్మ మిగిలిన లేబుళ్లు పొయ్యిలో కుక్కింది. కుంకుమ భరిణె జొన్నల కుండలోకి తోసింది.

“నన్ను ఎత్తుకుపోతే ఈ పిల్లకు పాలెవరిస్తారే ఓబులమ్మా? జైల్లోకి పిల్లను రానిస్తారా?”

“నాకేం తెలుసు వదినా! మా ఇంట్లో జైలు చూసినోళ్లు యాడుండారు?”

అంతలో చావడి దగ్గరికి ఆడవాళ్లందరినీ రమ్మని తలారి కేక వేశాడు. తిరుపాలమ్మ వేళ్లకు ఇంకా కుంకుమ ఎర్రగానే ఉంది. చీర చెంగుతో రుద్దుకుంది. రుద్దుతూ రుద్దుతూ, ఏ భయం పట్టుకుందో ఏమో, నుదుటి బొట్టు కూడా తుడిచేసుకుంది. బొట్టనేదే ఒంటిమీద కనబడకపోతే తనవైపు ఎవరూ చూడరనుకుంది.

చావడి ముందు పదకొండు మంది నిలబడ్డారు, తిరుపాలమ్మ చంకలో పిల్లతో. ఇన్స్పెక్టరు కట్టను పైకెత్తి చూపించాడు. ఉట్టి బొమ్మ నడినెత్తిన ఎర్రటి చుక్క.

“ఇది ఎవరి చేతి పని?”

ఇన్స్పెక్టరు ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ తిరుపాలమ్మను దాటి వెళ్లాడు. వెనకాలే వస్తున్న పోలీసు ఆగిపోయాడు. అతనిదీ ఈ జిల్లానే, తనకల్లు వైపు.

“ఏమ్మా, నీ మొగుడుండాడా?”

“ఉండాడు సామీ. కణేకల్‌లో.”

“ఉంటే బొట్టేదీ? మెడలో తాళి ఉండాది, చేతికి గాజులుండాయి. బొట్టు మాత్రం తుడుచుకున్యావే!”

ఆడవాళ్లందరూ తిరిగి చూశారు. ముత్తైదువ నుదురు అలా బోసిగా ఉండటం చూసి ఓబులమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తిరుపాలమ్మకు అప్పుడు అర్థమైంది, తానేం చేసిందో. కణేకల్‌లో సుంకప్పకు ఏమన్నా అయితే ఆ పాపం తనదేననుకుంది. జైలు భయానికి ఈ భయం తోడైంది.

“నేనే పెట్టినా సామీ! మార్కు దొంగదని నాకు తెలీదు. చదువు రానిదాన్ని,” అంటూ కూలబడిపోయింది.

ఇన్స్పెక్టరు మెల్లగా అన్నాడు, “ఎవరిచ్చారో చెబితే నువ్వు సాక్షివి. చెప్పకపోతే ముద్దాయివి. ఆలోచించుకో.”

సాక్షి అంటే ఏమిటో ఆమెకు తెలియదు. ముద్దాయి అంటే మాత్రం తెలుసు. పిల్ల రొమ్ముకోసం తడుముకుంటోంది. చెబితే గంగాధరప్ప ఊరుకోడు. చెప్పకపోతే జీపు ఊరుకోదు.

“గంగాధరప్ప,” అంది, తనకే వినబడనంత సన్నగా.

“గట్టిగా చెప్పు.”

చెప్పింది. కాగితంమీద వేలిముద్ర వేయించుకున్నాక జీపు బెళుగుప్ప వైపు వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నమే ఆమె పిల్లను చంకన వేసుకుని, చద్ది మూటతో కణేకల్ దారి పట్టింది. సుంకప్ప నిండు ప్రాణాలతో గట్టుమీద కనబడేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

కోర్టు కాగితం ఆమెను కణేకల్ దాకా వెతుక్కుంటూ వచ్చింది. వాయిదా రోజున సాక్షి బోనులో నిలబడి చూస్తే, అవతలి బోనులో గంగాధరప్ప. తెల్లటి చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. అతను ఆమెవైపు చూడలేదు. ఆమె చంకలోని పిల్లవైపే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

“లేబుళ్లు నీకెవరిచ్చారు?” అని సర్కారు వకీలు అడిగాడు.

తిరుపాలమ్మ పిల్ల ముఖాన్ని తన భుజంలోకి తిప్పుకుని, వేలు చాచి చూపించింది.